ఒంగోలు గిత్తను వినైల్ బొమ్మగా చేయాలంటే

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఒంగోలులో ఒక ప్రైవేటు పాఠశాలలో డ్రాయింగ్ టీచర్‌ని. కొంతకాలంగా డిజైనర్ వినైల్ బొమ్మల మీద, అంటే కళాకారులు తాము సృష్టించిన పాత్రలను మెత్తని ప్లాస్టిక్‌లో పోతపోయించి తెచ్చే బొమ్మల మీద, మనసు పడింది. వాటిని చేసే కళాకారుల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ఈ బొమ్మల్లో బాగా పేరున్న లబుబు అనుకుని ఒకటి కొన్నాను, నకిలీదని తర్వాత తెలిసింది. మా తాతగారు బండలాగుడు పందేలకు గిత్తలను పెంచేవారు. ఒంగోలు గిత్తను నా పద్ధతిలో బొమ్మగా చేయాలని ఒక స్కెచ్ పుస్తకం నిండా గీసుకున్నాను. తెలిసినవారి ద్వారా పరిచయమైన ఒకాయన 80,000 రూపాయలు అడ్వాన్సు ఇస్తే చైనాలో అచ్చు చేయించి 300 వినైల్ బొమ్మలు తెప్పిస్తానని, ఏడాదిలో అవి మూడింతల ధర పలుకుతాయని అంటున్నారు. నా పుస్తకం చూస్తారా అని అడిగితే అవసరం లేదన్నారు. నేను దాచుకున్నది మొత్తం ఒక లక్ష. నాన్నగారేమో ‘ఈ వయసులో బొమ్మలేమిటమ్మా’ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ 80,000 రూపాయలు ఇవ్వకండి. ఇస్తానని మాట ఇచ్చి ఉంటే ఈ రోజే కుదరదని చెప్పేయండి. మిగతా సంగతులు తీరికగా మాట్లాడుకోవచ్చు, ఇది ఆగేది కాదు.

ఆయన మోసగాడని అనడం లేదు, ఆయన నాకు తెలియదు. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ఒకటుంది. మీ స్కెచ్ పుస్తకం చూడకుండానే ఆయన ధర చెప్పారు. బొమ్మ ఎంత ఎత్తు, ఎన్ని ముక్కలుగా పోతపోయాలి, ఎన్ని రంగులు వేయాలి అన్న వాటి మీదే వినైల్ బొమ్మ ఖర్చు తేలుతుంది. నిజంగా ఈ పని చేయించేవారు ముందు అన్ని వైపుల నుంచి గీసిన బొమ్మలు అడుగుతారు, తర్వాత నమూనా చేసి పంపుతారు, మీరు సరేనన్నాకే అచ్చు మొదలుపెడతారు. అచ్చు ఎవరి సొత్తు, నమూనా నచ్చకపోతే డబ్బు మాటేమిటి, 300లో చెడిపోయినవి ఎవరి లెక్కలో పడతాయి అన్నవి కాగితం మీద ఉండాలి. దిగుమతి సుంకం సంగతి కూడా ఆయన ఎత్తినట్టు లేదు. ఆటబొమ్మల మీద మన దేశంలో మూల సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 300 బొమ్మల పెట్టె రేవులో దిగినప్పుడు ఆ సొమ్ము కట్టేదెవరు?

ఇక మూడింతల మాట. 2025 జూన్‌లో బీజింగ్‌లో జరిగిన ఒక వేలంలో మనిషెత్తు లబుబు ఒకటి 10 లక్షల 80 వేల యువాన్లు పలికింది. మన డబ్బులో కోటి రూపాయలకు పైమాటే. ఇలాంటి వార్తలు చూపించి ఆశపెట్టేవారు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఆ బొమ్మ వెనుక ఎన్నేళ్లు గడిచాయో మాత్రం ఎవరూ చెప్పరు. లబుబును సృష్టించిన కాసింగ్ లంగ్ హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన చిత్రకారుడు. ఉత్తర ఐరోపా జానపద కథల ఊహలోంచి ‘ద మాన్‌స్టర్స్’ అనే బొమ్మల కథల పుస్తకాలు ఆయన 2015లో వేశారు. లబుబు మొదట ఆ పుటల్లోని పాత్ర. చైనా బొమ్మల సంస్థ పాప్ మార్ట్ ఆయనతో చేయి కలిపింది 2019లో. ప్రపంచం వెర్రెత్తినట్టు ఎగబడింది 2024లో, కొరియా పాటల బృందం బ్లాక్‌పింక్ గాయని లీసా దాన్ని తన సంచికి తగిలించుకుని కనిపించాక. అంటే పుస్తకానికీ ఆ గిరాకీకీ మధ్య తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ ఆయన తన అడవిని, అందులోని జీవులను గీస్తూనే ఉన్నారు.

ఈ రంగంలో మీకు నచ్చిన పేర్లు ఎవరివి తీసుకున్నా దారి ఇంచుమించు ఇదే. హాంకాంగ్‌కు చెందిన మైకేల్ లావ్‌ను చాలామంది ఈ కళకు ఆద్యుడిగా చెబుతారు. ఆయన ఒక పత్రికలో తన వీధి కుర్రాళ్లతో కామిక్ గీసేవారు. 12 అంగుళాల సైనికుల బొమ్మలు తీసుకుని, తలలు తానే చెక్కి, బట్టలు మార్చి, స్కేట్‌బోర్డులు పెట్టి, ఆ కుర్రాళ్లను బొమ్మలుగా నిలబెట్టారు. 1999లో వాటిని ప్రదర్శించారు. కాస్ అనే పేరుతో పనిచేసే బ్రయన్ డొనెలీ న్యూయార్క్ బస్సు స్టాపుల్లోని ప్రకటనల మీద తన బొమ్మలు కలిపి గీస్తూ పేరు తెచ్చుకున్నారు. కళ్ల స్థానంలో కొట్టివేత గుర్తులుండే ఆయన ‘కంపానియన్’ మొదటిసారి బొమ్మగా వచ్చిందీ 1999లోనే, టోక్యోలోని బౌంటీ హంటర్ అనే దుకాణంతో కలిసి, 500 ప్రతులుగా. కెన్నీ వాంగ్ గీసిన మోలీ, పెదవి బిగించిన చిన్న పాప, 2006 నాటిది. పాప్ మార్ట్ పెట్టెల్లోకి చేరింది 2016లో. వీళ్లలో ఎవరూ ఫ్యాక్టరీతో మొదలుపెట్టలేదు. ముందు పాత్ర పుట్టింది, కొంతమంది దాన్ని ఇష్టపడ్డారు, ఫ్యాక్టరీ తర్వాత వచ్చింది. మీరూ అదే క్రమంలో వెళ్లండి. మొదట మీ చేతులతో, మీ ఇంట్లో, కొద్ది సంఖ్యలో, రెజిన్‌తో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్‌తో.

వినైల్‌తో మొదలుపెట్టవద్దని ఎందుకంటున్నానో ఆ పోత జరిగే తీరు తెలిస్తే మీకే అర్థమవుతుంది. జపాన్ పద్ధతిలో ముందు బొమ్మను మైనంలో చెక్కుతారు. దాని చుట్టూ విద్యుత్తు సాయంతో రాగి పూత పెంచుతూ పోతారు. పూత గట్టి పెంకులా తయారయ్యాక లోపలి మైనాన్ని కరిగించి తీసేస్తారు. మిగిలిన రాగి పెంకే అచ్చు. పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెతో కలిపిన చిక్కటి ద్రవాన్ని అందులో పోసి వేడి చేస్తారు. గోడలకు అంటుకున్న మేర గట్టిపడుతుంది, మిగిలిన ద్రవాన్ని వంచేస్తారు. అందుకే వినైల్ బొమ్మ లోపల బోలుగా ఉంటుంది. తర్వాతి ఘట్టం చూడవలసినది. వేడి చల్లారకముందే పనివాడు ఇరుకు మూతిలోంచి పట్టకారుతో బొమ్మను లాగుతాడు. మూతి కంటే వెడల్పైన పొట్ట కూడా ముడుచుకుని బయటికి వచ్చి మళ్లీ తన ఆకారం తెచ్చుకుంటుంది. ఆ ఒడుపు ఏళ్ల తరబడి చేస్తేగాని రాదు. ఇంత శ్రమపడి చేసిన అచ్చు ఖర్చు ఒక్క బొమ్మ తీసినా వెయ్యి తీసినా ఒకటే. కాబట్టి వందల్లో కొనేవాళ్లు ఉన్నారని తెలిశాకే వినైల్ లాభసాటి.

ఇప్పుడు మీ గిత్త దగ్గరికి వద్దాం. మీరు ఎంచుకున్న విషయం నాకు చాలా నచ్చింది. ఈ జాతి పేరు ప్రపంచమంతా తిరిగింది. ఈ పశువులు మొదట బ్రెజిల్ చేరిన 19వ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా ఏర్పడింది చాలా తర్వాత, 1970లో. అందుకే బ్రెజిల్ వాళ్లు ఈ పశువులను ఇప్పటికీ ‘నెలోర్’ అనే పిలుస్తారు. అక్కడి మాంసపు పశువుల్లో అత్యధికం ఈ రక్తానివే. 1960లలో ఇక్కడి నుంచి వెళ్లిన కరవది అనే ఆంబోతు అక్కడి పశుపోషకుల వంశావళుల్లో నిలిచిపోయింది. కరవది మీ ఊరికి కూతవేటు దూరం. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా ఎంచుకున్న ‘వీర’ కూడా ఒంగోలు గిత్తే. ఇంత చరిత్ర ఉన్న జంతువుకు మన వైపు దుకాణాల్లో దొరికేది పూత పూసిన ఇత్తడి బొమ్మో, ప్లాస్టిక్ ఎద్దో. దాని ఒంటి సొగసును తన కళ్లతో చూసి మలిచిన బొమ్మ అరుదు. ఆ ఖాళీ మీది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఉన్నదున్నట్టు చేస్తే అది విగ్రహం అవుతుంది, డిజైనర్ బొమ్మ కాదు. ఏది పెంచాలి, ఏది తగ్గించాలి అన్న తీర్పులోనే కళాకారుడు కనిపిస్తాడు. గిత్తను పక్క నుంచి చూడండి. భుజాల మీద నిలువుగా లేచిన మూపురం, గడ్డం కింద మొదలై ముందరి కాళ్ల మధ్య దాకా మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, ఆ రెండింటి మధ్య పొట్టి కొమ్ముల తల. తెల్లటి ఒంటి మీద నల్లటివి కొన్నే. కంటి రెప్పలు, ముట్టె, గిట్టలు, తోక కుచ్చు. మగవాటిలో మెడ, మూపురం దగ్గర బూడిద రంగు నీడ. నేనైతే మూపురాన్నీ గంగడోలునూ బాగా పెంచి, కాళ్లను పొట్టిగా, లావుగా చేసి, ముఖం మీద కళ్లు తప్ప మరేమీ ఉంచను. మీ తీర్పు వేరుగా ఉండవచ్చు, ఉండాలి కూడా. కాని తీర్పు అంటూ ఒకటి ఉండాలి. ఫోటోలు చూసి గీయడం మానేయండి. నాగులుప్పలపాడు మండలం చదలవాడలో ఒంగోలు జాతి పశువులను పెంచే ప్రభుత్వ క్షేత్రం ఉంది. అనుమతి అడిగి, పుస్తకం పట్టుకుని, పొద్దున్నే వెళ్లి కూర్చోండి. గిత్త తల తిప్పినప్పుడు గంగడోలు మడతలు ఎటు జరుగుతాయో ఫోటో చెప్పదు.

నాన్నగారి విషయం కూడా ఇక్కడే చెబుతాను. ఆయనతో ఇది కళ అని వాదించవద్దు. పందెపు గిత్తలున్న ఇంట్లో పెరిగిన మనిషి కాబట్టి ఆయన దగ్గర మీకు లేని కన్ను ఉంది. మట్టి నమూనా పూర్తయ్యాక ఆయన ముందు పెట్టి, మూపురం సరిగ్గా కూర్చుందా, నిలబడిన తీరులో బలం కనిపిస్తోందా అని అడగండి. ఆయన పెట్టే వంకలు రాసుకోండి. వాటిలో సగమైనా నిజమై ఉంటాయి.

ఇక పని. పది సెంటీమీటర్ల ఎత్తు చాలు. నూనె మట్టితో గానీ, ఎంసీల్ లాంటి ఎపాక్సీ ముద్దతో గానీ చేయండి. కుమ్మరి మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, దీనికి పనికిరాదు. ఈ నమూనా చుట్టూ సిలికోన్ అనే రబ్బరు లాంటి పదార్థం పోసి అచ్చు తీస్తారు, ఆ అచ్చులోనే రెజిన్ పోస్తారు. నూనె మట్టి కొనేటప్పుడు గంధకం లేనిదా అని అడగండి. గంధకం ఉన్న మట్టి తగిలితే ప్లాటినం రకం సిలికోన్ గట్టిపడదు, జిగటగా మిగిలిపోయి అచ్చు మొత్తం పాడవుతుంది. తగరం రకం సిలికోన్‌కు ఆ బెడద తక్కువ, ధరా తక్కువే. కాకపోతే రోజులు గడిచేకొద్దీ ఆ అచ్చు కాస్త కుంచించుకుపోతుంది. మొదటి ప్రయత్నానికి అది చాలు. సిలికోన్, పాలీయురేథేన్ రెజిన్ చెన్నైలో ఫైబర్‌గ్లాస్ సామాను అమ్మేవారి దగ్గర దొరుకుతాయి. చిన్న డబ్బాలే కొనండి.

తోకను తొడకు అంటించి ఉంచండి, గాలిలో వేలాడే తోక మొదటి రోజే విరుగుతుంది. గంగడోలు మడతలు మరీ లోతుగా, సన్నగా చేయవద్దు. అచ్చులో ఆ మడత మధ్యకు చేరిన సిలికోన్ పలుచని రేకులా నిలబడి, నాలుగైదు బొమ్మలకే చిరుగుతుంది. కొమ్ములను విడిగా పోతపోసి తర్వాత అతికించండి. తలతో కలిపి పోస్తే చివరల్లో గాలి బుడగ ఇరుక్కుని మొండి కొమ్ముల గిత్తలు వస్తాయి. చెవులు కూడా అంతే, పోసేముందు చెవి గుంటల్లో కుంచెతో కాస్త రెజిన్ పూయండి. బొమ్మను తలకిందులుగా ఉంచి గిట్టల వైపు నుంచి పోస్తే బుడగలు పైకి లేచి, కనబడని చోట మిగులుతాయి.

మన వాతావరణం ఈ పనికి రెండు విధాల అడ్డు. రోహిణి కార్తె ఎండల్లో రెజిన్ కలిపిన గిన్నెలోనే గట్టిపడిపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో గాలిలోని తేమ పీల్చుకుని నురగలా పొంగుతుంది. డబ్బా మూత తెరిచింది తెరిచినట్టు వదలకండి. డిసెంబరు, జనవరి నెలలు మీకు అనువైనవి. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. ఈ రెజిన్‌లోని ఐసోసయనేట్లనే రసాయనాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఉబ్బసం తెచ్చిపెడతాయి. గుడ్డ మాస్కు పనికిరాదు. రసాయన ఆవిరిని ఆపే గుళికలున్న మాస్కు, చేతి తొడుగులు కొన్నాకే డబ్బా తెరవండి. వంటింట్లో, పాఠశాల గదిలో ఈ పని చేయవద్దు. ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు నీళ్లతో తడిపి రుద్దండి, పొడి లేవదు. రంగు వేసేముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టి, ప్రైమర్ పూయండి. లేకపోతే రంగు పొరలు పొరలుగా ఊడుతుంది.

మొదటి నాలుగైదు పోతలు పాడవుతాయి. వాటికి కూడా లెక్క వేసుకునే సామాను కొనండి.

రంగుల దగ్గర నాకొక ఆలోచన వచ్చింది, చెప్పకుండా ఉండలేను. ఈ రంగంలో ఒకే ఆకారం మీద అనేకమంది చిత్రకారులు తమ బొమ్మలు వేసే పద్ధతి ఉంది. జపాన్‌కు చెందిన మెడికామ్ టాయ్ సంస్థ 2001లో తెచ్చిన బేర్‌బ్రిక్ ఎలుగుబంటి అలాంటిదే. అమెరికాకు చెందిన కిడ్‌రోబాట్ సంస్థ ‘మన్నీ’ అనే తెల్లని బొమ్మను ఎవరికి నచ్చినట్టు వారు రంగులు వేసుకోవడానికే అమ్మింది. మీ గిత్త పుట్టుకతోనే తెలుపు. కనుమనాడు కొమ్ములకు రంగులు వేసి పశువులను అలంకరించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. గంగిరెద్దు మీద కప్పే బట్టల రంగులు మీకు తెలియనివి కావు. తెల్లని గిత్తను కనుమకు ముందు విడుదల చేసి, కొన్నవారే కొమ్ములకు, మూపురానికి రంగులు వేసుకునేలా చేస్తే? నెల్లూరు, ఒంగోలు, చెన్నై చిత్రకారులు ఐదారుగురికి ఒక్కొక్కటి ఇచ్చి వేయించి, మీ పాఠశాలలోనో పట్టణంలోని ఏదైనా హాలులోనో ప్రదర్శిస్తే? బొమ్మ నిలబెట్టే పీటకు నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క పనివారిని అడిగి చూడండి. అక్కడి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, చేతి నైపుణ్యం గొప్పది.

చట్టం సంగతులు కొద్దిగా. మన కాపీరైటు చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ ప్రతులు తీస్తే దాని మీద కాపీరైటు పోతుంది. నమోదు చేయిస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే దరఖాస్తుకు ముందే అది బయటికి రాకూడదు. కాబట్టి నమోదు ఆలోచన ఉంటే పూర్తి ఆకారం ఫోటోలు ఫోనులో అందరికీ పంపే ముందే ఈ విషయం తెలిసిన న్యాయవాదితో ఒకసారి మాట్లాడండి. పిల్లల ఆటబొమ్మగా మాత్రం అమ్మవద్దు. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటకు ఉద్దేశించిన బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది. ఆ కార్డుకు మీ పనికి అర్హత ఉందేమో కనుక్కోండి.

నకిలీ లబుబును ఇంకొకరికి అసలుదని అమ్మకండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్ల చేతికి ఇవ్వకండి, ఏ రంగు ఏ రసాయనం వాడారో మనకు తెలియదు. మీ దగ్గర ఇతర వినైల్ బొమ్మలుంటే కిటికీ ఎండకు దూరంగా ఉంచండి. వేడికి కాళ్లు మెత్తబడి ఒక పక్కకు ఒరుగుతాయి, ఎండకు తెలుపు పసుపు తిరుగుతుంది. ఒరిగిన బొమ్మను వేడి నీళ్లలో కాసేపు ఉంచి, నిలబెట్టి సరిచేసి, చన్నీళ్లలో ముంచితే చాలావరకు నిలబడుతుంది.

డబ్బు విషయం. లక్షలో 25,000 దాటి ఈ మొదటి విడతకు పెట్టవద్దు. అందులోనే మాస్కు, పాడయ్యే సామాను, పెట్టెలు అన్నీ రావాలి. మిగతాది బ్యాంకులోనే ఉండనివ్వండి. ఉద్యోగం మానవద్దు. 20 గిత్తలు పోయండి, ప్రతిదాని గిట్ట కింద వరుస సంఖ్య, సంతకం వేయండి, 20 అని చెప్పాక 21వది పోయకండి. ధర వేసేటప్పుడు సామాను ఖర్చుతో పాటు మీ గంటలకూ కూలి కట్టండి. ఒక డ్రాయింగ్ టీచర్ ట్యూషన్‌కు గంటకు ఎంత తీసుకుంటారో కనీసం అంత. బంధువులకు ఉచితంగా పంచవద్దు. హైదరాబాదు, చెన్నైలలో జరిగే కామిక్ కాన్‌లలో, అంటే కామిక్స్ అభిమానుల ఉత్సవాల్లో, కళాకారులు తమ పని అమ్ముకునే బల్లలుంటాయి. ఒకసారి చూడటానికి వెళ్లి, అక్కడ చేతితో చేసిన బొమ్మలు అమ్మేవారితో మాట్లాడి రండి. ఆ 20 అమ్ముడై, దొరకనివాళ్లు ఇంకా అడుగుతూ ఉంటే వాళ్ల పేర్లు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ జాబితా 200 దాటిన రోజున వినైల్ అచ్చు గురించి మళ్లీ రాయండి. అప్పుడు ఫ్యాక్టరీని ఏమేమి అడగాలో వివరంగా చెబుతాను.